ఇంకా ఈదుతున్న అంకె

బుసాన్ రేవులో రాత్రి పది దాటాక
కానాగంతల గుట్టల ముందు
పీటలు వేసుకుని కూర్చుంటాం, నలభై మందిమి.
పెద్దవి ఈ పెట్టెలోకి, నడిమివి ఆ పెట్టెలోకి,
చితికినవి వెనక్కి.
ఆరింటికి గంట కొడతారు, వేలంపాట మొదలవుతుంది.
ఆలోపు చెయ్యి ఆగకూడదు.

నా పక్క పీట పాంగ్ మల్సున్‌ది.
మల్సున్ అంటే
ఆడపిల్లల్లో ఇదే ఆఖరు, ఇక చాలు అని.
పుట్టబోయే కొడుకును నమ్ముకుని
వాళ్ళ నాన్న పెట్టిన పేరు.
ఆమె వెనకాల ఇంకో ఇద్దరు చెల్లెళ్ళు పుట్టారు.
"మా నాన్న ఓడిన మొదటి పందెం నేనే"
అంటుంది, పారతో మంచు తిరగేస్తూ.

ఉప్పునీళ్ళు తగలకుండా కవరులో చుట్టి
ఆమె ఫోను
కాటా కొక్కేనికి వేలాడుతుంటుంది.
అందులో సూచీ ఫ్యూచర్స్,
రాత్రంతా నిద్రపోని ఒక అంకె.
ఇదే ఊళ్ళో, కొండకవతల అద్దాల మేడ వాళ్ళు
రేపటి బజారు తొమ్మిదింటికి గానీ తెరవరు.
దాని నీడ మాత్రం
సాయంత్రం ఆరింటినుంచే మా మధ్య తిరుగుతుంటుంది,
మనిషి రాకముందే వాకిట్లో పడ్డ నీడలా.

మా దేశంలో పెరిగితే ఎరుపు, పడితే నీలం.
ఒంటిగంటకు ఎరుపు.
రెండున్నరకు అమెరికాలో ఎవరో ఏదో అన్నారట,
నీలం.
అచ్చం చేప వీపులా ఉందే అన్నాను.
మల్సున్ నవ్వలేదు.
ఓడలు కట్టే కంపెనీవి నలభై షేర్లున్నాయి ఆమెకు,
మోకాలి ఆపరేషను కోసం దాచుకున్నవి.

ఒక పాత బిల్లుపుస్తకం ఉంది.
ఎడమ పేజీలో రాత్రి ఏమంది,
కుడి పేజీలో పగలు ఏం చేసింది.
రెండువందల పన్నెండు రాత్రులు
చేపపొలుసు అంటిన వేలితో రాసింది.
తొమ్మిదింటికి మొదటి నిమిషం, దాదాపు ఎప్పుడూ, రాత్రి మాటే.
పదిన్నరయ్యేసరికి సగానికి సగం
దాని దారి దానిది.
"గడప ఎత్తు చెబుతుందే తల్లీ,
లోపల ఎవరున్నారో చెప్పదు.
ఆ ఎత్తు కూడా
నేను చూసేసరికి ఊరంతా చూసేసి ఉంటుంది."

ఇదే మనిషి, కానాగంతల సంగతి వస్తే!
పడవ ఎంత లోతుకు కుంగిందో,
కొంగలు ఏ గొంతుతో అరుస్తున్నాయో విని
తెల్లారి పాట ఎంతకు తెగుతుందో చెప్పేస్తుంది.
పెట్టెకు వెయ్యి వోన్లు అటూఇటూ, అంతే.
నంబరు టోపీల వ్యాపారులు
మిషను కాఫీ తెచ్చిచ్చి మరీ అడిగిపోతారు.
మరి దీన్నెందుకు పట్టుకోలేవు అన్నాను.
చేతిలో చేపను ఒక్కసారి ఎగరేసి బరువు చూసి
నడిమి పెట్టెలో పడేసింది.
"ఇది చచ్చింది కదే.
అదింకా ఈదుతోంది."

మంగళవారం రాత్రంతా నీలమే.
నాలుగింటికి నీలం, ఐదింటికి ఇంకా ముదురు నీలం.
గ్లౌజు పళ్ళతో లాగి
ఫోను మీద ఏదో నొక్కింది.
గంట కొట్టారు, పాట మొదలైంది, మేం కాళ్ళు కడుక్కున్నాం.

తొమ్మిదింటికి రాత్రి చెప్పిన చోటే తెరుచుకుంది బజారు.
ఆ ధరకే పోయాయి ఆమె షేర్లు.
మధ్యాహ్నానికల్లా, దేనికో ఎవరూ చెప్పలేదు,
బోర్డంతా మిరపపండు.

"ముప్పై అమ్మాను" అంది మర్నాడు.
"మిగతా పదికీ వేలు రాలేదు.
ఆ పదీ లెక్కలోంచి వచ్చినవి కావు, చలికి."
ఇంకేం అనలేదు.
కుడి పేజీలో అంకె వేసి, పుస్తకం ఏప్రానులో దోపుకుని
పీట జరుపుకుంది.

పదయింది.
ఫోను కొక్కేనికి తగిలించింది గానీ
తెర గోడవైపు తిప్పి ఉంది.
మొదటి గుట్ట సగానికి వచ్చేదాకా ఆగాను.
తర్వాత,
ఎరుపా నీలమా
అని అడిగింది నేనే.